పూల్ మీది, నాచు మాది

టెక్సాస్‌లోని ఫ్రిస్కో, ప్లేనోల్లో స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇళ్లను అద్దెకిచ్చే తెలుగు ఓనరు మహాశయులకు సాష్టాంగ నమస్కారం.

వాట్సాప్ గ్రూపులో మీ ప్రకటన చూశాం. "నాలుగు బెడ్‌రూములు, మంచి స్కూలు, పెద్ద పూల్, మన తెలుగు ఫ్యామిలీకే." ఆ చివరి మాటను 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ఒప్పుకోదు లెండి, మనలో మనకు చట్టాలేమిటి! పక్కింటికన్నా అద్దె ఎక్కువేమిటండీ అంటే, పూల్ ఉందిగా అన్నారు. సంతకం పెట్టేదాకా పూల్ మీది. పెట్టాక చూస్తే, లీజు చివరి పేజీలో చిన్నక్షరాల్లో మాదైపోయింది.

మీరేమీ చేయలేదంటే కళ్లు పోతాయి. బకెట్టెడు క్లోరిన్ బిళ్లలు గరాజ్‌లో పెట్టి, "ఇవి వేస్తూ ఉండమ్మా, అదే చూసుకుంటుంది" అని వెళ్లారు. అదే చూసుకుంది. ఆ మూడంగుళాల ట్రైక్లోర్ బిళ్లల్లో క్లోరిన్‌తో పాటు సైన్యూరిక్ యాసిడ్ కూడా ఉంటుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, యాసిడ్ మాత్రం నీళ్లలోనే తిష్ఠ వేస్తుంది. అది పేరుకునే కొద్దీ క్లోరిన్ ఉండీ పనిచేయదు. టెస్ట్ స్ట్రిప్ ముంచి చూస్తే క్లోరిన్ గడి ముదురు ఊదా, అంటే దండిగా ఉన్నట్టు. నీళ్లు మాత్రం గోంగూర పులుసు. కొంత నీరు తోడేసి కొత్తనీరు పట్టడమే దీనికి మామూలు మందు. ఆ మాట చెబితే నీటి బిల్లు ఎవరిదని మీరే అడిగి, మాదేనని మీరే తేల్చారు.

2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సాస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. పంపు ఆగితే పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పగులుతాయి. పగిలాయి. చీకట్లో, ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని వణుకుతుంటే మీ ఫోను: "పంపు ఎందుకు ఆపారు?" గవర్నరు గారిని అడగాల్సిన ప్రశ్నకు మమ్మల్ని తగినవాళ్లుగా ఎంచినందుకు ధన్యులం.

పైపులు పగిలాక పూల్‌లో నీళ్లు కదల్లేదు. కదలని నీళ్లలో దోమ గుడ్డు వారం పది రోజుల్లో రెక్కలు తొడుక్కుంటుంది. 2012లో దోమలు మోసే వెస్ట్ నైల్ వైరస్ విజృంభిస్తే డాలస్ కౌంటీలో విమానాలతో మందు చల్లారు. ఈసారి విమానం వస్తే దారి చూపక్కర్లేదు, మీ పెరడు పైనుంచే పచ్చగా కనిపిస్తుంది.

పూల్ గేటు గొళ్లెం పడటం లేదని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ఈ దేశంలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల చావులకు అన్నిటికన్నా పెద్ద కారణం నీట మునగడం. "పాపకు ఈత నేర్పించండి" అన్నారు. పాపకు ఇంకా నడకే సరిగా రాదు. అద్దె బకాయి లేనివాళ్లు తెలియజేస్తే, ఆరోగ్యానికీ భద్రతకూ ముప్పయినవాటిని ఓనరే బాగుచేయించాలని టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 92.052 సెక్షన్ అంటోంది. ఆ ముక్క పంపిస్తే మీరు బొటనవేలు బొమ్మ పెట్టారు. గొళ్లెం మాత్రం పెట్టలేదు.

ఖాళీ చేశాక 30 రోజుల్లో డిపాజిట్ లెక్క తేల్చాలన్నదీ చట్టమే. అందులో మాత్రం మీరు గడియారం! పూల్ శుభ్రానికి ఇంత, ఫిల్టరుకు ఇంత అని కోసి పంపారు. సహజమైన అరుగుదలకు డబ్బు కోయకూడదు కదా అంటే, నాచు ఆ లెక్కలోకి రాదన్నారు. ఒప్పుకున్నాం. అది అరగలేదు, పెరిగింది.