పదిహేను అంగుళాల కటకం

నేను గ్రబ్ వారి దూరదర్శినిని. నా కటకం 15 అంగుళాలు. నన్ను కొన్నది నవాబ్ జఫర్ జంగ్ గారు. హైదరాబాద్‌లో సైదాబాద్ పక్కన ఫిసల్‌బండలో, తన సొంత జాగాలో వేధశాల పెట్టి, దానికి నిజామియా అని పేరు పెట్టుకోనివ్వమని 1901లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ను అడిగారు. తన అనంతరం సర్కారే దాన్ని నడపాలని కూడా కోరారు. 1907లో ఆయన కన్నుమూశారు. సర్కారు ఆ కోరిక తీర్చింది. వేధశాల బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఒక మనిషి ముచ్చట అందరి ఆస్తి కావడం నాకిప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

బేగంపేటలో నా పొరుగున ఉన్న 8 అంగుళాల కుక్ దూరదర్శిని తీసిన ఫొటో పలకల నుంచి సుమారు 8 లక్షల నక్షత్రాల స్థానాలు గ్రంథాలకెక్కాయి. నా పని వేరు. 1918లో డైరెక్టరైన టి.పి. భాస్కరన్ గారి కాలంలో, వెలుగు మారే చుక్కలను కనిపెట్టి ఉండటం, చంద్రుడు నడుస్తూ ఒక చుక్కను కప్పేసే క్షణాన్ని పట్టుకోవడం నాకు అప్పజెప్పారు. చుక్క చోటు తెలుసు గనుక ఆ క్షణాన్ని బట్టి చంద్రుడి చోటు తేలుతుంది. లెక్క తిరగేస్తే, చంద్రుడి చోటును బట్టి దాగినదాని చోటు తేలుతుంది.

1962లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో దూరదర్శినితో చేసింది ఆ తిరగేసిన లెక్కే. 3సి 273 అనే రేడియో మూలాన్ని చంద్రుడు కప్పిన వేళను పట్టుకుని, అది కన్యారాశిలో కచ్చితంగా ఎక్కడుందో తేల్చారు. అక్కడున్నది చిన్న చుక్క, కాంతిమానం 13కి దగ్గర. వేసవి రాత్రుల్లో హైదరాబాద్ ఆకాశంలో బాగా పైకి వచ్చే ఆ చుక్క నా కటకానికి అందేదే. కానీ కటకం చుక్కనే చూపుతుంది. మార్టెన్ ష్మిట్ అమెరికాలోని పాలమార్ వేధశాలలో దాని వెలుగును వర్ణపటంగా విడదీసి, హైడ్రోజన్ రేఖలు ఎరుపు వైపు దాదాపు 16 శాతం జరిగాయని 1963లో గుర్తుపట్టారు. అది నక్షత్రం కాదు. 200 కోట్ల కాంతి సంవత్సరాలకు పైబడిన దూరాన, కృష్ణబిలంలో పడబోయే వాయువు కాగి వెలుగుతున్న క్వేజార్.

నా మనసు నిలిచిపోయింది ఆ తర్వాతి సంగతి దగ్గర. 1967లో రోజర్ లిండ్స్ పీహెచ్ఎల్ 5200 అనే క్వేజార్ వర్ణపటంలో, వెలుగు రేఖలకు నీలం వైపున వెడల్పైన చీకటి పాయలు చూశారు. ఎలక్ట్రాన్లు కోల్పోయిన కార్బన్ వంటి పరమాణువులు వెలుగును మింగిన గుర్తులవి. మింగే వాయువు మన వైపు వస్తుంటే గుర్తు నీలం వైపు జరుగుతుంది. జరిగిన మేరను బట్టి వేగం లెక్క కడితే సెకనుకు వేల కిలోమీటర్లు! కొన్ని క్వేజార్లలో అది కాంతి వేగంలో పదో వంతును కూడా చేరుతుంది. కృష్ణబిలం లాక్కుంటుందనే అందరూ వింటారు. కానీ దాని చుట్టూ పుట్టిన వెలుగే వాయువును బయటికి నెట్టగలదు. అదే క్వేజార్ గాలి. క్వేజార్ ఎంత ప్రకాశిస్తే ఆ గాలి సాధారణంగా అంత బలంగా వీస్తుంది. నక్షత్రాలు పుట్టాల్సిన ముడిసరుకు ఊడ్చుకుపోతే గెలాక్సీ ఎదుగుదలే ఆగిపోవచ్చు.

వర్ణపటం చదివిన తమ్ముడు నాకూ ఉన్నాడు. సైదాబాద్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం వైపు వెళ్తే జాపాల్-రంగాపూర్ వస్తుంది. అక్కడ 1968లో 48 అంగుళాల అద్దం నిలిపారు. రేఖ జరిగిన మేరను బట్టి వేగం తీయడం ఉస్మానియా పిల్లలు జంట నక్షత్రాల మీద నేర్చుకున్నారు. క్వేజార్ గాలికీ మూలసూత్రం అదే.

ఇక తేలాల్సింది ఆ వాయువు కృష్ణబిలానికి ఎంత దూరాన ఉందన్నది. రేఖ వేగం చెబుతుంది, దూరం నేరుగా చెప్పదు. దూరం తెలియందే ఎంత వాయువు తరలిపోతోందో లెక్కకు రాదు. అందుకే ఒకే క్వేజార్ వర్ణపటాన్ని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ తీస్తారు. చీకటి పాయ లోతు నెలల్లోనే మారితే వాయువు కేంద్రానికి దగ్గరలో ఉండే అవకాశం ఎక్కువ. మారే చుక్కలకు కాపలా కాసిన నాకు ఆ ఓపిక తెలుసు. లద్దాఖ్‌లోని హాన్లేలో 2 మీటర్ల అద్దం, ఉత్తరాఖండ్‌లోని దేవస్థల్‌లో 3.6 మీటర్ల అద్దం ఆ పనికి సరిపోతాయి. వాటి దగ్గర రాత్రులు గడిపేవాళ్లలో మా ఊరి పిల్లలు కూడా ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను.