ఖజానా తాళం ఎవరికివ్వాలి: లోకం ఒప్పుకోని కొన్ని సలహాలు

ఆర్థిక మంత్రి కుర్చీ ఖాళీ అయిందంటే చాలు, అందరూ ముందు అడిగేది ఒకటే. ఏం చదివాడు? కేంబ్రిడ్జా, ఆక్స్‌ఫర్డా, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్సా? ప్రపంచ బ్యాంకులో పనిచేశాడా? ప్రధానికైనా ముఖ్యమంత్రికైనా నా మొదటి సలహా: ఆ ప్రశ్న అన్నిటికంటే చివర అడగండి. బయోడేటా తెరవకముందు, తలుపులు వేసుకుని కూర్చుని మీకు మీరే వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ మనిషి నాకు నచ్చని లెక్క చెప్పిన రోజున నేనేం చేస్తాను? దానికి జవాబు తేలకపోతే ఎకనామిస్టును పిలవకండి. పార్టీలో ఉన్నవాళ్ళలోనే ఎవరికో ఒకరికి ఆ శాఖ ఇచ్చుకోండి. గొప్ప ఆర్థికవేత్తను తెచ్చి పక్కన కూర్చోబెట్టుకుని ఆయన మాట వినకపోవడం కన్నా అదే నయం. ఆయన పేరు చూసి బ్యాంకులు అప్పులిస్తాయి, జనం నమ్ముతారు, లోపల మాత్రం పాత లెక్కే నడుస్తుంది.

ఖజానా చూసే మనిషిని ఏలేవాళ్ళు ఎలా చూస్తారో మా వైపు వాళ్ళకు వందల ఏళ్ళుగా తెలుసు. హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లు పోతే లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండ ఖజానా చూసిన విరూపణ్ణ, తమ్ముడు వీరణ్ణతో కలిసి అక్కడి వీరభద్రాలయం కట్టించాడు. రాజు లేని సమయంలో ఖజానా సొమ్ము గుడికి పెట్టాడని, తిరిగొచ్చిన రాజు కళ్ళు తీయించమన్నాడని, ఆ శిక్ష తానే వేసుకుని విరూపణ్ణ తన కళ్ళు గోడకేసి కొట్టాడని జనం చెప్పుకుంటారు. అసంపూర్తిగా ఆగిపోయిన కల్యాణమంటపం పక్కన, గోడ మీద రెండు ఎర్రటి మరకలు ఇప్పటికీ చూపిస్తారు. కథలో నిజమెంతో చరిత్రకారులు తేల్చుకుంటారు గానీ, ఆ గోడ ముందు నిలబడితే నాకు తట్టేది ఒక్కటే. ఆ గుడి ఒక్క రాత్రిలో లేవలేదు. అన్ని స్తంభాలు చెక్కడానికి, పైకప్పు నిండా బొమ్మలు రాయడానికి ఏళ్ళు పట్టి ఉంటుంది. అన్నేళ్ళూ లెక్క అడిగిన దాఖలా కథలో ఎక్కడా లేదు. మంజూరు లేకుండా ఖర్చుపెట్టడం విరూపణ్ణ తప్పే, దేవుడి పేరు మీద పెట్టినా తప్పే. నెలనెలా లెక్క చూడని రాజు ఒకేసారి కళ్ళు అడగడం అంతకన్నా పెద్ద తప్పు.

పెనుకొండలో ఇంకో కట్టడం ఉంది, తిమ్మరుసు బందిఖానా అంటారు. కృష్ణదేవరాయలు అప్పాజీ అని పిలిచిన మహామంత్రి ఆయన. కొడుకు చావు విషయంలో అనుమానం వచ్చి రాయలు ఆయన కళ్ళు తీయించాడని పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాసిపెట్టాడు. రాజ్యాన్ని నిలబెట్టిన మనిషినీ, ఖజానా చూసిన మనిషినీ మా ప్రాంతం చూపు పోయినవాళ్ళుగానే గుర్తుపెట్టుకుంది.

ఈ రోజుల్లో ఎవరూ ఎవరి కళ్ళూ తీయరు. అంకె కనపడకుండా చేస్తారు. కార్పొరేషన్ పేరుతో అప్పు తెచ్చి, అది రాష్ట్ర బడ్జెట్ పుస్తకంలోకి రాకుండా చూస్తారు. ఏ ఒక్క పార్టీకో అంటగట్టే అలవాటు కాదిది, తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ బయట కూడా నడిచింది. 2022లో కేంద్రం ఆ అప్పులను కూడా రాష్ట్రాల ఖాతాలోనే లెక్కగడతానని చెప్పాల్సి వచ్చింది. అంకె దాచమని ఆర్థిక మంత్రిని అడిగే ఉద్దేశం మీకుంటే ఆ మనిషి ఎంత చదివినా మీకు దండగ. దాచనని ముందే మొహం మీద చెప్పినవాణ్ణి తీసుకోండి.

రెండో సలహా: మీ జాబితాలో మొదటి పేరు కాదంటే బాధపడొద్దు. 1991 జూన్‌లో ప్రధాని పీవీ నరసింహారావు ఆర్థిక మంత్రిగా రమ్మని ముందు అడిగింది ఆర్థికవేత్త ఐ.జి. పటేల్‌ను. ఆయన రానన్నారు. ఆ తర్వాతే మన్మోహన్ సింగ్‌కు కబురు వెళ్ళింది. విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే పరిస్థితి. జూలై 1న, మళ్ళీ 3న రూపాయి విలువ తగ్గించారు. దాదాపు 47 టన్నుల బంగారం విదేశీ బ్యాంకుల దగ్గర కుదువకు పోయింది. జూలై 24న బడ్జెట్ వచ్చింది. ఈ వరస అందరికీ తెలుసు, మన్మోహన్ చదువు గురించీ అందరూ చెబుతారు. నన్ను అడిగితే అసలు పని పీవీ చేసిన దాంట్లో ఉంది. పరిశ్రమల శాఖ తన దగ్గరే ఉంచుకున్నారు. లైసెన్సులు ఎత్తేసిన పారిశ్రామిక విధానం బడ్జెట్ రోజునే బయటికొచ్చింది, తిట్లు నేరుగా తన శాఖ మీదికే తెచ్చుకున్నారు. ఎరువుల ధర 40 శాతం పెంచుతూ పెట్టిన ప్రతిపాదన మీద సొంత పార్టీ ఎంపీలే తిరగబడితే, పెంపు 30 శాతానికి దిగింది, చిన్న సన్నకారు రైతులకు మినహాయింపు వచ్చింది. ఎక్కడ ఒకడుగు వెనక్కి వేయాలో అక్కడే వేశారు. షేర్ల కుంభకోణం మీద పార్లమెంటు కమిటీ నివేదిక వచ్చాక మన్మోహన్ రాజీనామా ఇస్తానంటే పీవీ ఒప్పుకోలేదు.

కాబట్టి ఆర్థికవేత్త సత్తా సగం ఆయన వెనక నిలబడ్డవాడి సత్తానే. ఆ వెనక నిలబడ్డవాడికి ఎంపీ సీటు ఇచ్చింది మా రాయలసీమ. 1991 నవంబరు ఉప ఎన్నికలో నంద్యాల ఓటర్లు పీవీని 5 లక్షల 80 వేల పైచిలుకు మెజారిటీతో గెలిపించారు. మన్మోహన్ మాత్రం లోక్‌సభకు ఎప్పుడూ గెలవలేదు. 1999లో దక్షిణ ఢిల్లీలో నిలబడి ఓడిపోయారు. ఓట్లు లేకపోవడాన్ని లోపంగా చూడకండి, ఆర్థిక మంత్రికి అదొక అర్హత. తన నియోజకవర్గం రోడ్డు కోసం బడ్జెట్ వంచాల్సిన అవసరం ఆయనకు ఉండదు. ఓట్లు మీ దగ్గరుంటే చాలు.

ఇక అసలు పరీక్ష. దీనికి ఇంటర్వ్యూ హాలు వద్దు. మనసులో ఉన్న మనిషిని తెల్లవారుజామున హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్‌కు తీసుకుపొండి. రైతు నెలరోజులు ఇంటిల్లిపాదీ నిద్ర మాని ఆకు వేసి పెంచిన పురుగు అల్లిన గూళ్ళు అక్కడ కుప్పపోసి ఉంటాయి. దారం తీసే రీలరు ఒక గూడు తీసి చెవి దగ్గర ఊపుతాడు, బొటనవేలితో నొక్కుతాడు, ఇంకో నాలుగు చూస్తాడు, దారం ఎంత వస్తుందో మనసులో లెక్క కట్టుకుంటాడు. ధర పలికేలోపు రైతు ఆ చేతినే చూస్తుంటాడు. ఆ రైతును పలకరించి అడగండి: చైనా పట్టు మీద దిగుమతి సుంకం ఎంత ఉండాలన్నా? వీలైనంత పెంచమంటాడు. చైనా దారం చవగ్గా దిగిన నాడు తన గూడు ధర పడిపోతుందని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

అదే రోజు అదే రైలు మార్గంలో ధర్మవరం పొండి. మధ్యాహ్నానికల్లా ఏదో ఒక వీధిలో గుంట మగ్గం ముందు ఉంటారు. వార్పు, పేక, జరీ షావుకారు ఇస్తేనే మగ్గం ఆడుతుంది, చీర దించి ఇస్తేనే కూలి వస్తుంది. ముడిపట్టు ధర ఎగిసిందంటే షావుకారు రేపు రమ్మంటాడు, ఎల్లుండి రమ్మంటాడు, మగ్గం ఖాళీ. ఆ నేతన్నను అదే ప్రశ్న అడగండి. సుంకం తగ్గించమంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇద్దరి ఇళ్ళలోనూ అప్పు ఉంది.

ఢిల్లీ ఏం చేసిందో చూడండి. 2011 బడ్జెట్‌లో ముడిపట్టు సుంకాన్ని 30 శాతం నుంచి ఒక్కసారిగా 5కు దించారు. 2013లో 5 నుంచి 15కు పెంచారు. మధ్యలో 10కి దిగింది, 2021లో మళ్ళీ 15 చేశారు. 5 అయినా 15 అయినా ఎవరో ఒకరు ఏడుస్తారు. ఇలా దించడం, ఎత్తడం మాత్రం ఇద్దరినీ ముంచుతుంది. మల్బరీ తోట ఒకసారి నాటితే పది పదిహేనేళ్ళు ఉండాలి. ఏ బడ్జెట్‌లో ఏ అంకె వస్తుందో తెలియని రైతు తోట పీకేసి వేరుశనగ వేస్తాడు, 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని జిల్లాలో. గూళ్ళు తగ్గాక దేశంలో పట్టు తగ్గుతుంది, ఆ ధర మళ్ళీ ధర్మవరం మగ్గం మీదే పడుతుంది.

కాబట్టి మీరు ఎంచుకోబోయే మనిషి హిందూపురంలో ఒక మాట, ధర్మవరంలో ఒక మాట చెబితే అక్కడి నుంచే వెనక్కి పంపండి, ఎన్ని పుస్తకాలు రాసినా సరే. సుంకం ఇంత ఉంటుంది, ఇన్నేళ్ళు కదలదు, నేతన్న మీద పడే భారానికి నూలు మీద ఇంత సబ్సిడీ ఇస్తాను, ఆ డబ్బు ఫలానా చోట నుంచి తెస్తాను అని రెండు ఊళ్ళలోనూ ఒకే మాట చెప్పి, రెండు ఊళ్ళలోనూ తిట్లు తినివచ్చినవాడికి తాళం ఇవ్వండి. జనం చప్పట్లు కొట్టిన మనిషిని ఆర్థిక మంత్రి చేయొద్దనేది నా గట్టి అభిప్రాయం. 2021 చివర చేనేతతో సహా బట్టల మీద జీఎస్టీ 5 నుంచి 12 శాతం చేయబోయి, అమలుకు ముందురోజు డిసెంబరు 31న వాయిదా వేశారు. వాయిదా మంచిదే. ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు మగ్గం గుంటలోకి ఒకసారి తొంగిచూసినవాడు గదిలో ఉండుంటే సంవత్సరం చివరి రోజు దాకా నేతన్నలు ఊపిరి బిగబట్టాల్సి వచ్చేది కాదు.

రెండు ఊళ్ళ మధ్య పెనుకొండలో కూడా దిగండి. ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2017లో ఒప్పందం కుదుర్చుకుంది, 2019లో కార్లు బయటికి పంపింది. ఏడాదికి 3 లక్షల కార్లు చేసే సామర్థ్యంతో కట్టిన ఫ్యాక్టరీ. దానికి భూమి, నీళ్ళు, పన్ను రాయితీలు ఇచ్చింది ప్రభుత్వమే, అది తప్పని నేననను. అభ్యర్థిని ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబెట్టి ఒక్కటే అడగండి: ఇచ్చిన రాయితీ ఎన్నేళ్ళలో తిరిగొస్తుంది, స్థానికుల జీతాల రూపంలో ఎంత వచ్చింది? కాగితం మీద లెక్క వేయడం మొదలుపెడితే మంచిదే. ఉపన్యాసం మొదలుపెడితే రైలెక్కించండి.

జనం గుండెల్లో ఉన్న నాయకుడికి ఇలాంటి మనిషి ఇంకా ఎక్కువ అవసరం. ఎన్టీ రామారావు 1985, 1989, 1994లో మా హిందూపురం ఎమ్మెల్యే. 1994లో ఇచ్చిన మాట ప్రకారం కిలో బియ్యం రెండు రూపాయలు చేశారు, 1995 జనవరి నుంచి మద్యనిషేధం పెట్టారు. సారా మీద పోరాడిన ఆడవాళ్ళ కోరిక న్యాయమైనది, పేదవాడి బియ్యం అంతకన్నా న్యాయమైనది. అయినా ఖజానా ఒక పక్క ఆదాయం వదులుకుని ఇంకో పక్క ఖర్చు పెంచుకుంది. 1996లో ఆయన తర్వాతి ప్రభుత్వం బియ్యం ధర మూడున్నర చేసింది, 1997లో నిషేధం సడలించింది. మంచి పని నిలవాలంటే దాని ఖర్చు ముందే చెప్పి, ఆ తిట్టు తినగల మనిషి పక్కన ఉండాలి.

ఎకనామిస్టు దొరకలేదని ఆగిపోవద్దు కూడా. కొణిజేటి రోశయ్య బీకాం చదివి, ఉమ్మడి రాష్ట్రానికి 16 బడ్జెట్లు పెట్టారు. డాక్టరేట్ ఉన్న జాన్ మథాయ్ 1950లో ప్రణాళికా సంఘం అధికారాల మీద విభేదించి ఆర్థిక మంత్రి పదవి వదిలేశారు. ఆయన వాదన నాకు పూర్తిగా నచ్చదు గానీ, కుర్చీ వదలగలగడం నచ్చుతుంది. రాజీనామా చేయలేని మనిషి మీకు నిజం చెప్పలేడు. కడప జిల్లా పాటూరులో పుట్టిన వై.వి. రెడ్డి రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉండి, ఇళ్ళస్థలాల అప్పుల మీద బ్యాంకులకు కళ్ళెం వేస్తే దేశాన్ని ఎదగనివ్వడం లేదని విసుక్కున్నారు. 2008లో అమెరికా బ్యాంకులు కూలాక అదే కళ్ళెం గురించి అంతా మెచ్చుకున్నారు. అప్పటికి ఆయన పదవీకాలం అయిపోయింది. మెప్పు ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదనుకునేవాళ్ళను వెతకండి.

ఉమ్మడి అనంతపురం జిల్లా ఉరవకొండ నుంచి గెలిచిన పయ్యావుల కేశవ్ 2024 జూన్ నుంచి రాష్ట్ర ఆర్థిక మంత్రి. 2025-26కు ఆయన పెట్టిన బడ్జెట్ దాదాపు 3 లక్షల 22 వేల కోట్లు. ఢిల్లీలోనైతే ఆర్థిక శాఖ ఏటా బడ్జెట్‌కు ముందు పరిశ్రమల వాళ్ళతో, రైతు సంఘాలతో, ఆర్థికవేత్తలతో కూర్చుంటుంది. మా ఊళ్ళవాళ్ళకు నా మాట ఒకటే. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే లోక్‌సభ నియోజకవర్గంలో ఉన్నాయి, అడగడానికి ఎంపీ ఒక్కరే. వచ్చే బడ్జెట్‌కు ముందు ఆ సంప్రదింపుల్లో ఒక్కటైనా ధర్మవరంలో పెట్టించమని, హిందూపురం గూళ్ళ రైతులనూ అదే హాల్లో నేతన్నల పక్కన కూర్చోబెట్టమని ఆ ఎంపీకి ఒక కార్డు ముక్క రాయండి.