ఫోల్డరు తెరుచుకోవడం లేదా? తొందరపడి బాగుచేయకండి

ఇంట్లో రెండు కంప్యూటర్లుంటే ఒకదాంట్లోని పెళ్ళి ఫొటోలు రెండోదాంట్లోకి పంపమని ఎవరో ఒకరు అడుగుతారు. మీరు ఫోల్డరు షేర్ చేస్తారు, అవతల కనపడదు. అందరూ మీ మొహమే చూస్తారు. కింది చిట్కాలు పాటించండి, ఇంకోసారి మిమ్మల్ని ఎవరూ అడగరు.

1. ముందు రౌటరు ఆపి మళ్ళీ వేయండి. ఫలితం లేకపోయినా పనిచేస్తున్నట్టు కనిపిస్తారు. క్రికెట్ మ్యాచ్ చివరి ఓవర్లో ఆపితే ఇంకా మంచిది. "ఫొటోలూ వద్దు, ఏమీ వద్దు, వదిలెయ్" అని వాళ్ళే అంటారు.

2. రెండు కంప్యూటర్లూ ఒకే వైఫైలో ఉన్నాయో లేదో చూడకండి. ఒకటి గెస్ట్ వైఫైలో ఉంటే రెండోదానితో మాట్లాడనివ్వకుండా రౌటరే ఆపేస్తుంది. చూశారంటే నిమిషంలో తేలిపోతుంది, ఆపైన ప్రింటరు కూడా చూడమంటారు. ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే రౌటరు నుంచి దానికి అడ్రసే రాలేదన్నమాట. ఆ అంకె కనపడగానే విండో మూసేసి "సర్వర్ డౌన్" అనండి. బ్యాంకుల్లో విని విని ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పరు.

3. పాస్‌వర్డ్ అడిగితే రోజూ కొట్టే పిన్నే కొట్టండి. పిన్ ఆ కంప్యూటరు వరకే, నెట్‌వర్క్ మీద పనిచేయదు. అయినా కొడుతూనే ఉండండి, ఓపికమంతులని పేరొస్తుంది.

4. విసుగొస్తే పాస్‌వర్డ్ రక్షణే తీసేయండి. ఫైర్‌వాల్ ఆపండి. ఒక్క ఫోల్డరెందుకు, డ్రైవు మొత్తం షేర్ చేసి, 'ఎవ్రీవన్' ఎదురుగా 'ఫుల్ కంట్రోల్' టిక్కు పెట్టండి. పక్కింటి కుర్రాడికి మీ వైఫై పాస్‌వర్డ్ ఎలాగూ ఇచ్చారు, వాడికీ పనికొస్తుంది. పిల్లలు అవతలి గదిలోంచి ఏదైనా డిలీట్ చేస్తే అది రీసైకిల్ బిన్‌లోకి వెళ్ళదు, నేరుగా పోతుంది. బిన్ ఖాళీ చేసే చాకిరీ తప్పింది.

5. నెట్‌వర్క్‌కు తగిలించిన పాత హార్డ్‌డిస్క్ బాక్సు కనపడకపోతే ఎస్ఎంబీ1 అనే పాతకాలపు ఫైల్ షేరింగ్ పద్ధతిని ఆన్ చేసేయండి. మైక్రోసాఫ్ట్ 2017 చివర్లో విండోస్ 10 కొత్త ఇన్‌స్టాలేషన్లలో దాన్ని పక్కనపెట్టింది. అదే ఏడాది మే నెలలో వానాక్రై అనే వైరస్ ఆ సందులోంచే దూరి, ఫైళ్ళకు తాళం వేసి బిట్‌కాయిన్లు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకూ తగిలింది. ఎవరైనా అది గుర్తుచేస్తే, "వాళ్ళవి కేసు ఫైళ్ళు, మనవి తలంబ్రాల ఫొటోలు" అనండి. బ్యాకప్ జోలికి మాత్రం పోకండి. ఒకటి ఉందని తెలిస్తే వెతికిపెట్టమంటారు.

6. పెళ్ళి వీడియో పెన్‌డ్రైవులో ఇమ్మంటే ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉన్నదే తీయండి. 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చి ఫార్మాట్ చేస్తే పట్టేస్తుంది కాబట్టి ఆ ఊసెత్తకండి. "పెన్‌డ్రైవు డూప్లికేట్‌ది, షాపువాడు మోసం చేశాడు" అనండి.

7. అన్నిటికీ మించింది: "పండక్కి బావగారొస్తారుగా, ఆయన సాఫ్ట్‌వేరేగా!" ఆయన బస్సు దిగీ దిగకముందే కూర్చోబెట్టండి. నెట్‌వర్క్‌ని పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కు మార్చి ఆయన చిటికెలో తెరిచేస్తే, "నేను అక్కడిదాకా తెచ్చిపెట్టాను కాబట్టే" అనండి. తీరా ఫోల్డరు ఖాళీగా ఉంటే, బావగారి చెయ్యి పడ్డాకే పోయాయనండి.