అడుగు లేని ఓడ

నన్ను నీళ్లలో వేస్తే తేలను. వేసి చూడకండి. పుట్టుకలోనే నాకు కింది సగం లేదు.

జపాన్‌లో షిజువోకా అనే ఊరు ప్లాస్టిక్ మోడళ్లకు పుట్టిల్లు. 1971లో అక్కడి నాలుగు కంపెనీలు కూడబలుక్కుని, రెండో ప్రపంచ యుద్ధపు నౌకలను ఒకే కొలతలో, 700కి ఒకటో వంతులో, నీటిమట్టానికి పైనున్న భాగం వరకే చేసి అమ్మడం మొదలుపెట్టాయి. నీలం గుడ్డ పరిచిన బల్ల మీద పెడితే చాలు, నడిసముద్రంలో ఉన్నట్టే కనిపిస్తాయి. నేనూ ఆ కోవలోదాన్నే. పేరు రియూజో, విమాన వాహక నౌక. అసలు ఓడ పొడవు 180 మీటర్లు. నేను పాతిక సెంటీమీటర్ల పైచిలుకు.

ఉంటున్నది విశాఖపట్నంలో. షిప్‌యార్డులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంట్లో, గాజుపెట్టెలో.

ఆయన చేతికి వచ్చినప్పుడు నేను ఓడను కాను. చట్రాలకు అంటుకున్న బూడిదరంగు ముక్కలను. ఒక్కోదాన్నీ కట్టర్‌తో తెంపి, మిగిలిన బొడిపెలను గరుకు కాగితంతో రుద్ది, జిగురు చుక్క పెట్టి పట్టుకార్లతో అతికించాడు. రెయిలింగులు ఇత్తడి రేకువి, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతాయి. నా మీద మనుషులను నిలబెడితే రెండున్నర మిల్లీమీటర్లు ఉంటారు. జీరో యుద్ధవిమానం రెక్క చివరి నుంచి రెక్క చివరికి 17 మిల్లీమీటర్లు. రంగు దగ్గర మాత్రం ఆయన చాలా సతాయించాడు. జపాన్ నౌకాదళంలో కూరే కార్ఖానా బూడిదరంగు వేరు, సాసెబోది వేరు. రంగు సీసాలు ఇప్పటికీ ఆ ఊళ్ల పేర్లతోనే వస్తాయి. చెక్క పలకల డెక్కు కదా అని, ఒక్కో పలకకూ ఒక్కో ఛాయ వేశాడు. అంత సూక్ష్మం ఎవరికీ కనపడదు. నాకు తెలుసు, ఆయనకు తెలుసు.

నా కథ కంటే నేను ఎవరి బొమ్మనో ఆ ఓడ కథ చెప్పాలి. అది బరువు కథ.

1922 వాషింగ్టన్ ఒప్పందం జపాన్ విమాన వాహక నౌకలకు మొత్తం 81 వేల టన్నులని హద్దు గీసింది. అయితే పది వేల టన్నుల లోపు ఓడలు ఆ లెక్కలోకి రావు. ఈ సందు దొరికింది కదా అని ఎనిమిది వేల టన్నుల చిన్న వాహక నౌకకు నక్షా గీశారు. తీరా చూస్తే రెండు డజన్ల విమానాలే పడతాయి, అవేం చాలతాయి అనుకుని విమానాల కొట్టం మీద ఇంకో కొట్టం ఎక్కించారు. 1929లో పని మొదలైంది. మరుసటి ఏడే లండన్ ఒప్పందం ఆ సందును మూసేసింది. లాభం పోయింది, ఎత్తు మాత్రం మిగిలింది. సన్నటి యుద్ధనౌక నడుం మీద రెండంతస్తుల మేడ.

1933లో ఓడ నౌకాదళంలో చేరింది. 1934 మార్చిలో తోమోజురు అనే కొత్త టార్పెడో పడవ గాలివానలో తలకిందులైంది. నూరుమంది దాకా నావికులు పోయారు. దాని రోగమూ ఇదే, పైబరువు. వెంటనే రియూజోను రేవుకు తెచ్చి తుపాకులు కొన్ని పీకారు, అడుగున బరువు పోశారు, నీటి కింద రెండు పక్కలా పొట్టలు కట్టారు. ఓడ నిలకడగా నిలిచింది, కానీ కిందికి దిగిపోయింది. ముందు భాగం నీటికి దగ్గరైంది. 1935 సెప్టెంబరు తుపానులో అలలు కొట్టంలోకే వచ్చాయి. మళ్లీ రేవు, మళ్లీ రంపాలు, ఈసారి ముందు డెక్కును ఒక అంతస్తు ఎత్తారు. నా పెట్టెలో కొమ్ము దగ్గర కనిపించే ఆ అదనపు అంతస్తు అలంకారం కాదు, అతుకు.

వెనకున్న లిఫ్టు మరీ చిన్నది. 1941 నాటి ముందువరస విమానాల్లో రెక్కలు మడిచిన నకజిమా బాంబర్ ఒక్కటే అందులో పట్టేది. పెద్దాయన మనవడు నా జీరో విమానాన్ని దాని మీద పెట్టి చూశాడు. రెక్కలు రెండు పక్కలా బయటికొచ్చాయి. అసలు ఓడ మీదా అంతే.

ఇంత ఇరుకు ఓడే 1942 ఏప్రిల్ 6న, సోమవారం, బంగాళాఖాతంలో విరుచుకుపడింది. ముందురోజు అకాగి వంటి పెద్ద వాహక నౌకల విమానాలు కొలంబో మీద పడ్డాయి. అడ్మిరల్ ఒజావా క్రూజర్లతో కలిసి రియూజో ఇటు తూర్పుతీరానికి తిరిగింది. ఆ దండు ఇరవై దాకా సరుకు ఓడలను ముంచింది. రియూజో మీది నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం రేవు మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. విశాఖలో సింధియా కంపెనీ వాళ్ల నౌకా నిర్మాణశాలకు రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఊరు ఖాళీ అయిపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. ఆనాడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది. నా కొలతలో చేస్తే అది గోటి అంచు మందం ఉంటుందేమో. అందుకే నా మీద బాంబులు లేవు. బాంబు లేని వాహక నౌక చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది మరి.

పెద్దాయన భార్యకు మాత్రం నేనంటే గిట్టదు.

"ఏటండీ ఇది? మనూరి మీద బాంబులేసిన ఓడని తెచ్చి టీవీ పక్కన పెడతారా?"

"వేసింది ఇదేటే? ఇది ప్లాస్టిక్కు."

"మా అమ్మ చంకలో పిల్లనెత్తుకుని రాత్రికి రాత్రి బండెక్కి పోయిందట. ఆ పిల్ల మా అక్క."

ఆయన మాట్లాడలేదు. మర్నాడు నన్ను టీవీ దగ్గర్నుంచి తీసి, తన గదిలో అలమరాలోకి మార్చాడు. నన్నడిగితే ఆవిడదే న్యాయం.

విశాఖ మీద బాంబులేసిన ఆ ఏడే, జూన్‌లో రియూజో అలాస్కా వైపు డచ్ హార్బర్ మీద దాడికి వెళ్లింది. దాని జీరో ఒకటి అకుటాన్ దీవి బురదలో దిగబడింది. నెల తర్వాత అమెరికన్లకు దొరికి, బాగుచేయించుకుని, జీరో బలహీనతలన్నీ వాళ్లకు విప్పిచెప్పింది. ఆగస్టు 24న సొలొమన్ దీవుల దగ్గర, దాని విమానాలు గ్వాడల్‌కెనాల్ మీదికి వెళ్లి ఉండగా, అమెరికా వాహక నౌక సరటోగా నుంచి వచ్చిన విమానాలు దాని మీద పడ్డాయి. టార్పెడో దెబ్బకు నీళ్లు లోపలికి వచ్చి ఓడ ఒరిగిపోయింది. సాయంత్రానికి మునిగింది. 120 మంది దాకా చనిపోయారు. తిరిగొచ్చిన విమానాలకు దిగడానికి డెక్కు లేక సముద్రంలోనే దిగాయి.

ఈ కథంతా నీటి గీతకు కింద జరిగింది. పొట్టలు, అడుగు బరువు, టార్పెడో తగిలిన చోటు. నాలో లేనిదంతా అదే. నన్ను చూసినవాళ్లు రెయిలింగులు మెచ్చుకుంటారు.

డ్రాఫ్ట్స్‌మన్‌కు అది పట్టింది. ఈమధ్య కాగితం మీద నా అడుగు గీస్తున్నాడు. కట్టినప్పుడు ఓడ నీట్లో మునిగే లోతు నా కొలతలో ఎనిమిది మిల్లీమీటర్లు, పొట్టలు కట్టాక పది.

"రెండు మిల్లీమీటర్లకి ఇంత గొడవా తాతా?" అన్నాడు మనవడు.

"రెండుని ఏడొందలతో గుణించరా."

"పద్నాలుగొందలు."

"అంటే మీటరున్నరకి దగ్గర. ఓడ అంత కిందికి దిగిపోయింది. ఇప్పుడు ఆ కొమ్ము ఎత్తు చూడు, అలలకి ఎంత దగ్గరో."

వాడు బల్ల అంచుకు కళ్లు ఆనించి చూశాడు. ఒక పక్క పొట్ట తీసేస్తే ఎటు ఒరుగుతుందని అడిగాడు. ఆయన ఇంకో కాగితం తీసుకున్నాడు. బల్సా చెక్క తెప్పించాడు, చెక్కుతున్నాడు. అడుగు అతికిస్తే నా ఎత్తు సెంటీమీటరు పెరుగుతుంది, అప్పుడీ గాజుపెట్టె చాలదు.