నోరు జారిన గాంధేయవాది

మీ దగ్గర దాపరికమేముంది, నాకు మాట్లాడే సందు దొరికితే ఊరుకోలేను. పెళ్లిళ్లలో వధూవరులను ఆశీర్వదించమంటే నా చేతిలోంచి మైకు లాక్కోవడానికి పెళ్లికూతురి మేనమామ రావాల్సిందే.

హైదరాబాద్‌లో ఒక రాత్రి విందు నుంచి బండి మీద వస్తుంటే పోలీసులు ఆపి గొట్టంలో ఊదమన్నారు. వంద మిల్లీలీటర్ల రక్తంలో మద్యం 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. నేను దర్జాగా దాటాను.

కోర్టులో నాకు ముందున్నవాళ్లంతా "తప్పయింది సార్" అని జరిమానా కట్టి పోతున్నారు. నేను మాత్రం 1922లో అహ్మదాబాద్ కోర్టులో గాంధీగారు నేరం ఒప్పుకుని, గరిష్ఠ శిక్ష వేయమన్న సంగతి ముందురోజే చదువుకుని వెళ్లాను. నా వంతు రాగానే పూనకం వచ్చింది. ఒప్పుకుంటున్నానన్నాను, అదే మొదటిసారి కాదన్నాను, తాగితేనే చెయ్యి నిలకడగా ఉంటుందన్నాను, దయ చూపొద్దన్నాను! మెజిస్ట్రేటుగారు అడ్డు చెప్పలేదు. రెండు రోజుల జైలు, పదివేల జరిమానా.

గాంధీగారికి ఆరేళ్లు పడితే అప్పీలుకు పోలేదు. నేను సాయంత్రం కాకుండానే ప్లీడరు బావ కాళ్లు పట్టుకున్నాను.

"దగ్గు మందు తాగానని రాయి బావా" అన్నాను.

"రాయడానికి లేదు. నేరం నీ నోటితోనే ఒప్పుకున్నావు. ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 416వ సెక్షన్ ప్రకారం, శిక్ష ఎక్కువైందనో, చట్టం ఒప్పని శిక్ష వేశారనో మాత్రమే అడగాలి. తాగావా లేదా అన్నది ముగిసిన కథ."

"నేనలా అనలేదని చెబితే?"

బావ నకలు కాగితం నా ముందుకు తోశాడు. నేరం ఒప్పుకున్నవాడి మాటలను వీలైనంతవరకు అతను అన్నట్టే రాసుకోవాలట. రాసుకున్నారు మహానుభావులు! చెయ్యి నిలకడ సంగతి కూడా అక్షరం పొల్లుపోకుండా ఉంది. నా ఉపన్యాసాన్ని అంత శ్రద్ధగా విన్నవాళ్లు జన్మలో వాళ్లొక్కరే.

అప్పీలుకు వెళ్లేదాకా జైలుశిక్ష ఆపమని బావే అడిగి, బెయిలు ఇప్పించాడు. ముప్పై రోజుల గడువులోపు సెషన్స్ కోర్టులో అప్పీలు వేశాడు. వాదన రోజున నా భుజం మీద చెయ్యి వేసి నొక్కిపట్టాడు, ఎక్కడ లేస్తానోనని. ఈ నేరానికి జరిమానా ఒక్కటే వేసినా చట్టం ఒప్పుతుంది కాబట్టి జైలు కొట్టేశారు. పదివేలు మాత్రం అలాగే ఉంచారు. బావ ఫీజు అంతకంటే ఎక్కువైంది.

మీరు నవ్వుకోండి, ఫర్వాలేదు. మా అత్తారివైపు వాళ్లు కనిపిస్తే మాత్రం ఈ ముక్క ఎత్తకండి.