రొయ్య పేగుకు పథ్యం

మన పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను టీవీ ప్రకటనలు కాపాడేశాయి. ఇక రొయ్య వంతు.

మొన్న లోయర్ మానేరు జలాశయం కట్ట మీద ఓ కంపెనీ కుర్రాడు గట్ ప్రోబయోటిక్ డబ్బా చూపించాడు. మేతలో కలిపితే రొయ్య పేగులో కోట్ల బ్యాక్టీరియా కొలువు తీరుతుందట. ముసలి జాలరి ఓపిగ్గా విని, "బిడ్డా, మేం రొయ్యకు మేతనే ఎయ్యం. మందు దేంట్ల కలపాలె?" అన్నాడు. నిజమే. 2017-18 నుంచి సర్కారు జలాశయాల్లో వదులుతున్న నీలకంఠ రొయ్య బురదలో దొరికింది తిని, దొరికిన సూక్ష్మజీవులతోనే కాపురం చేస్తోంది. కుర్రాడు తగ్గలేదు. "నీళ్లలో పోసినా పనిచేస్తుంది బాబాయ్ గారూ!" 24 టీఎంసీల మానేరుకు ఎన్ని డబ్బాలు పడతాయో మాత్రం చెప్పలేదు. రేపు కడెం జలాశయానికి పోతున్నానన్నాడు.

ఆ కోట్ల లెక్క విన్నప్పటి నుంచి నాకొకటే రంధి. రొయ్య పేగు మొదట్లోనూ చివర్లోనూ లోపలి పొర, ఒంటి మీది డొప్పకు తోబుట్టువే. కుబుసం విడిచినప్పుడల్లా అదీ ఊడిపోతుంది. మేత వేసి రొయ్యలు పెంచే భీమవరం వైపు చెరువు గట్ల మీద అమావాస్య, పున్నమి వచ్చాయంటే రైతులు మోల్టింగ్ కోసం కాచుకుని ఉంటారు. అంటే మనం డబ్బులిచ్చి దింపిన అద్దెదారులు గోడలతో సహా ఇల్లు ఖాళీ చేస్తారన్నమాట.

పోనీ నడిమి పేగులో సర్దుకుందామంటే, తిన్న మేత గంటల్లోనే బయటపడుతుంది, దాంతో వీళ్లూ కొట్టుకుపోతారు. మళ్లీ కోట్లు, మళ్లీ డబ్బా. కంపెనీకి ప్రతి అమావాస్యా దీపావళే.

లాక్టోబాసిల్లస్ అయితే మేత మిల్లు ఆవిరికే చాలావరకు చస్తుంది. బాసిల్లస్ గట్టిది, గాజు తొట్లలో రోగాలు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియాను తగ్గించిన ప్రయోగాలున్నాయి, కాదనను. ఆ తొట్లకు ఎవరూ కౌలు కట్టలేదు.

ఇక నాకు నవ్వు రావడం లేదు. పొద్దున చెరువులో శానిటైజర్, సాయంత్రం ప్రోబయోటిక్! ఊరికి నిప్పు పెట్టి అదే రాత్రి గృహప్రవేశమా? చాటున యాంటీబయోటిక్ సరేసరి. ఆ అవశేషాల పుణ్యమే, 2016లో యూరప్ మన సాగు రొయ్యల సరుకులో పదో వంతుకు చేసే పరీక్షను సగానికి పెంచింది. సాగులో సగం ఖర్చు మేతకే పోతుంటే, ఆ మేత అప్పిచ్చే డీలరు దాంతోపాటే ఈ డబ్బాలూ అంటగడతాడు. ఈహెచ్‌పీ అనే రొయ్య తెగులు పట్టిన చెరువుకు మందే లేదని తెలిసీ అమ్ముతాడు. పంట పోతే డబ్బా తప్పు కాదట, రైతు డోసు తప్పాడట! డబ్బా మీద రాసిన జీవులు లోపల బతికే ఉన్నాయా అని కౌలు రైతు ఎవరిని అడగాలి? అడిగితే అప్పెవడిస్తాడు?

కుర్రాడు శాంపిల్ డబ్బా ఒకటి వదిలిపోయాడు. ముసలాయన మూత తీసి వాసన చూశాడు. పొడిని గట్టున గుమ్మరించి, డబ్బా కడిగి, అందులో వల గుండ్లు పోసుకున్నాడు.