కప్పీల మావయ్యగారు

తనకి లేని వస్తువు గురించి, అది ఉన్నవాడికన్నా ఎక్కువ తెలిసిన మనిషి ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. రావులపాలెంలో ఆ జాతికి పెద్దదిక్కు మా కప్పీల మావయ్యగారు. ఆయనకి పడవ లేదు. గౌతమి దాటాలంటే వంతెన మీద బస్సే. ఈత కూడా రాదు గానీ, ఆ మాట ఆయన ముందు ఎవరూ ఎత్తరు.

అయినా పడవ మీద తాడుండి, ఆ తాడుకి కప్పీయో, దాన్ని బిగబట్టే క్లీటో కావాలంటే తీర్పు ఆయనదే. తాతగారు డెల్టా కాలవల్లో తెరచాప పడవ నడిపారట. గాలుంటే చాప ఎత్తడం, లేకపోతే గట్టెక్కి మోకు పట్టి లాగడం. లారీలొచ్చి ఆ పడవలు పోయాయి. వాటి మీద అభిప్రాయాలు మాత్రం పిత్రార్జితంగా మావయ్యగారికి దక్కాయి.

అరటి మార్కెట్టుకి దగ్గర్లో ఓ ఇనప సామాన్ల కొట్టు బల్లే ఆయన కచేరీ. మొన్న అక్కడుండగా టెక్సాస్ నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. ఈమధ్యే చిన్న తెరచాప పడవ కొన్నాడు.

"మావయ్యా, తాడు పట్టి ఉంచడానికి క్యామ్ క్లీట్ పెట్టమంటారా, క్లచ్ పెట్టమంటారా?"

"ముందు తాడు లావెంతో చెప్పరా."

"వేలంత ఉంటదండి."

"ఎవరి వేలు?"

కొట్టతను నవ్వాడు, మావయ్యగారు నవ్వలేదు. పది మిల్లీమీటర్ల తాడుకి చేసిన క్లచ్‌లో ఎనిమిది మిల్లీమీటర్లది వేస్తే జారిపోతుంది మరి. ఇక విచారణ మొదలైంది. గాలిని బట్టి ఘడియఘడియకీ సర్దే తాడా? అయితే క్యామ్ క్లీట్. స్ప్రింగుల మీద ఎదురెదురుగా రెండు పళ్ల దవడలు. తాడు లాగితే కరిచి పట్టుకుంటాయి, పైకి ఎగలాగితే వదిలేస్తాయి. చాపని స్తంభం మీదికి ఎక్కించి అలా ఉంచేసే తాడా? బరువెక్కువ, మీట ఉన్న క్లచ్ కావాలి, దాని వెనక తాడు చుట్టి లాగే వించీ కావాలి.

"మీట ఎత్తే ముందు బరువు వించీ మీదికి తీసుకోరా. లేకపోతే తాడుతోపాటు నీ అరిచేతి తోలు కూడా పోద్ది."

"పాత రెండు కొమ్ముల క్లీట్ చాలదాండి?"

"అది అన్నిటికీ తాత! కదిలే ముక్క లేదు, చెడేది లేదు. బరువు మీదున్నా తాడుని కొంచెం కొంచెం వదలొచ్చు. ఎనిమిది అంకెలా చుట్టే ఓపిక మీకుండాలి కదా."

బిగించడం ఎవడైనా బిగిస్తాడు, గాలి తిరగబడినప్పుడు ఒంటిచేత్తో ఎలా వదులుతావన్నదే ఆయన అసలు పట్టు. తాడు వదలని క్లీట్ చిన్న పడవని బోర్లా కొట్టించగలదు. ఈ ఒక్క మాటలో ఆయనకి ఎదురులేదు. మేం ఆయన్ని భరిస్తున్నదీ అందుకే.

మేనల్లుడు తెలివితక్కువగా, "నాలుగు స్క్రూలు బిగించేస్తానండి" అన్నాడు. మావయ్యగారు కుళ్లిన గెల చూసిన వ్యాపారిలా మొహం పెట్టారు. "డెక్కుకి స్క్రూలేంట్రా! బోల్టులు కిందకంటా దింపి, అడుగున వెడల్పాటి రేకు పెట్టు. లేకపోతే పెద్ద గాలికి ఊడి చేతికొస్తది!"

ఆయన ఫోన్ పెట్టేశాక నాకు నౌకాదళం వాళ్ల తారిణి గుర్తొచ్చింది. ఆ తెరచాప పడవలో ఆరుగురు మహిళా అధికారులు 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి, ప్రపంచం చుట్టి 2018 మే నెలలో తిరిగొచ్చారు. వాళ్లలో పి. స్వాతి, ఐశ్వర్య బొడ్డపాటి మన తెలుగువాళ్లే. ఆ సంగతి చెబితే మావయ్యగారు పొంగిపోతారనుకున్నాను. "అంత దూరం వెళ్లొచ్చారా! ఏ క్లచ్‌లు వాడారో కనుక్కోలేకపోయావా?" అని నామీదే విరుచుకుపడ్డారు.

మీలో ఎవరికైనా పడవుంటే, సాయంత్రం ఆ కొట్టు దగ్గర ఆయన దొరుకుతారు. ఫీజేమీ లేదు, టీ ఇప్పిస్తే చాలు. తాడుముక్క మాత్రం వెంట పట్టుకెళ్లండి, కొలవనిదే ఆయన నోరు విప్పరు.